ఆ అంకెతో ఏం చేస్తారు?

కిందటి నెల కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ టెస్టు గురించి నాలుగు మాటలు రాసిన పాపానికి ఈసారి ఉత్తరాలు ఎక్కువే వచ్చాయి. కొందరు రిపోర్టుల ఫొటోలు పంపి "చూసి చెప్పండక్కా" అన్నారు. అలా చూసి చెప్పను. నేను డాక్టర్ని కాదు. తిరుపతిలో 30 ఏళ్ళు బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో పనిచేశాను, ఆ తర్వాత 8 ఏళ్ళు కొత్త మందులను మనుషుల మీద పరీక్షించే ట్రయల్స్‌కు కోఆర్డినేటర్‌గా ఫైళ్ళు మోశాను. మందు మార్చుకోమని, మానేయమని నా నోట రాదు. టెస్టు ఎలా చేస్తారు, వచ్చిన అంకెను ఎంతవరకు నమ్మొచ్చు, సంతకం పెట్టే ముందు ఏమడగాలి, ఇవి మాత్రం చెబుతాను.

"మేడమ్, మా మామగారికి 61 ఏళ్ళు. పన్నెండేళ్ళుగా షుగర్ ఉంది, ఇప్పుడు కిడ్నీ కొంచెం దెబ్బతిన్నది అన్నారు. తిరుపతిలో చూపించే ఆసుపత్రిలో కొత్త మందు ట్రయల్ ఉందని, చేరితే టెస్టులన్నీ ఫ్రీ అని చెప్పినారు. 22 పేజీల కాగితాలిచ్చినారు. ఆయనకు చదువు రాదు. మా ఆయన 'మా నాయన ఏమన్నా ఎలుకా?' అని మండిపడుతున్నాడు. మామగారేమో 'ఫ్రీ అంట కదమ్మా' అంటాడు. మధ్యలో నేను నలిగిపోతున్నా."
*– ఒక కోడలు, చంద్రగిరి*

ముందు మీ ఆయన ఎలుక మాట తీసుకుందాం. ఎలుకను ఎవరూ అడగరు. మీ మామగారిని అడిగారు. ఆయన ఈరోజు వద్దనొచ్చు. చేరిన నాలుగు నెలలకు విసుగుపుట్టి "ఇంక రాను" అని కూడా అనొచ్చు, కారణం చెప్పే పనిలేదు. మానేశాడని ఆ ఆసుపత్రిలో మామూలు వైద్యం ఆపకూడదు. ఇది వాళ్ళ మంచితనం కాదు, రూలు. 2019లో మన దేశంలో కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు వచ్చాయి, అందులో ఇవన్నీ ఉన్నాయి.

ఇక ఆ "ఫ్రీ" అన్నమాట నాకు నచ్చలేదు. మందేమిటో, దాంతో వచ్చే ఇబ్బందులేమిటో చెప్పకముందే ఫ్రీ అన్నారంటే ఆ చెప్పినవాళ్ళు తొందరపడ్డారు.

మామగారికి చదువు రాదు కాబట్టి ఆ 22 పేజీలూ ఆయనకు అర్థమయ్యే తెలుగులో చదివి వినిపించాలి. అలా వినిపించేటప్పుడు ట్రయల్‌తో ఏ సంబంధమూ లేని సాక్షి ఒకరు మొదటినుంచి చివరిదాకా పక్కనే ఉండి, ఆయన వేలిముద్ర వేశాక తానూ సంతకం చేయాలి. మధ్యలో వచ్చి కూర్చున్న సాక్షి సాక్షి కాదు. పూర్తిగా కొత్త మందైతే, ఇలా చదువు రానివాళ్ళ విషయంలో ఈ మాటలన్నీ వీడియో తీయాలి. కెమెరా పెట్టారని మామగారు కంగారుపడొద్దు, అది ఆయన కోసమే. సంతకమయ్యాక ఒక కాపీ మీ ఇంటికి రావాలి. ఇవ్వకపోతే అడిగి తీసుకోండి.

ఆ కాగితాల తెలుగు గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. "యాదృచ్ఛికీకరణ" అని రాసి ఉంటుంది. చంద్రగిరి కోట చుట్టూ మూడుసార్లు తిరిగి అడిగినా ఆ మాటకు అర్థం చెప్పేవాళ్ళు దొరకరు. నేను "చీటీ వేసినట్టు" అని చెప్పేదాన్ని. వందమంది చేరితే చీటీ వేసినట్టు కంప్యూటర్ యాభైమందికి కొత్త మందు, యాభైమందికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇస్తుంది. రెండూ ఒకే రంగు, ఒకే సైజు. ఎవరికేది పడిందో రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు, డబ్బా అందించే నాకూ తెలియదు. ప్రమాదం వస్తే మాత్రం వెంటనే విప్పి చూసే ఏర్పాటు ఉంటుంది.

ఈ ఉత్తుత్తి మాత్ర దగ్గరే అందరూ తడబడతారు. వివరించిన తర్వాత, "ఇప్పుడు మీరు నాకు చెప్పండి" అని రోగిని అడగడం నాకు అలవాటు. ఒకసారి ఒక పెద్దాయన "కొత్త మందు ఇస్తారమ్మా, కిడ్నీ బాగైపోతుంది" అన్నాడు. "ఉత్తుత్తి మాత్ర పడితేనో?" అన్నాను. "నువ్వున్నావు కదా, అసలుదే ఇప్పిస్తావులే" అన్నాడు. ఆరోజు ఆయన దగ్గర వేలిముద్ర తీసుకోలేదు. మళ్ళీ వారం కొడుకును వెంటబెట్టుకుని రమ్మన్నాను. మా డాక్టరుగారు కొంచెం ముఖం ముడుచుకున్నారు, టార్గెట్ ఉంది మరి.

అయితే ఉత్తుత్తి మాత్ర అంటే వైద్యం లేకుండా గాలికి వదిలేయడం అనుకోకండి. ఇలాంటి కిడ్నీ ట్రయల్స్‌లో ఉన్న షుగర్ మాత్ర, బీపీ మాత్ర అలాగే సాగుతాయి, వాటిమీద ఇది అదనం. ఇప్పుడు మన మందుల షాపుల్లో దొరికే డపాగ్లిఫ్లోజిన్ కిడ్నీకి మేలు చేస్తుందని ఎలా తెలిసిందనుకున్నారు? 2020లో వచ్చిన ఒక ట్రయల్‌లో 4,304 మంది చేరారు. సగంమందికి ఆ మందు, సగంమందికి ఉత్తుత్తి మాత్ర. కిడ్నీ పని సగానికి సగం పడిపోవడం, డయాలసిస్ దాకా పోవడం, కిడ్నీ వల్లో గుండె వల్లో ప్రాణం పోవడం, ఇలాంటివి మందు వేసుకున్నవాళ్ళలో 197 మందికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 312 మందికి జరిగాయి. ఆ రెండో సగం లేకపోతే మొదటి సగం లెక్కకు విలువ లేదు.

ఇంకా దగ్గరి కథ కావాలా? టీబీ. మా అమ్మమ్మ కాలంలో ఈ జబ్బు వస్తే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంలో మంచం దొరకాలని మొక్కుకునేవాళ్ళు. మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి పడక. 1956లో మద్రాసులో ఒక ట్రయల్ మొదలైంది. 193 మంది పేద రోగులు. కొందరిని శానిటోరియంలో పెట్టారు, కొందరిని వాళ్ళ ఇరుకు ఇళ్ళలోనే ఉంచి అవే మాత్రలిచ్చారు. ఏడాది గడిచాక చూస్తే ఇంట్లో ఉన్నవాళ్ళకూ దాదాపు అంతే బాగా నయమైంది. పక్కనున్న పిల్లలకు అదనంగా అంటుకున్నదీ లేదు. ఈరోజు టీబీ మనిషి ఇంట్లోనే ఉండి మాత్రలు మింగి పనికి పోతున్నాడంటే ఆ 193 మంది చలవే. మీ ఆయనకు ఇది చదివి వినిపించండి.

అలాగని చేరమని చెప్పడం లేదు. చేరేముందు ఇవి అడగండి. ఇది మనుషుల మీద ఎన్నో దశ? మొదటి దశ అయితే కొద్దిమందిలో మందు భద్రమా కాదా అని చూడటమే, మేలు గురించి ఆశ పెట్టుకోకూడదు. మూడో దశ అయితే అప్పటికే వందలమంది వాడి ఉంటారు. సీటీఆర్ఐ నంబరెంత? అది ట్రయల్స్ నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ, మొదటి రోగిని చేర్చుకోకముందే అందులో ఎక్కించాలి. ఇంటర్నెట్ తెలిసిన పిల్లలెవరైనా ఐదు నిమిషాల్లో వెతికి చూపిస్తారు. రోగుల హక్కులు, భద్రత చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు ఏ పేజీలో ఉంది? ఆ కమిటీలో కనీసం ఏడుగురు, అందులో సగంమంది ఆసుపత్రికి బయటివాళ్ళు ఉండాలి. ఒక లాయరు, వైద్యంతో సంబంధం లేని ఒక మామూలు మనిషి కూడా ఉంటారు. ట్రయల్ వల్ల ఏదైనా హాని జరిగితే వైద్యం ఖర్చు, నష్టపరిహారం ఎవరిస్తారు? ఇది కాగితంలో రాసి ఉండాలి, నోటిమాట చెల్లదు.

చివరిది, అందరూ మరిచిపోయేది. ఎన్నిసార్లు రావాలి? చంద్రగిరి నుంచి బస్సెక్కి పరగడుపున, మూత్రం డబ్బా పట్టుకుని, రెండేళ్ళపాటు. తోడు వచ్చేది మీరేనని నా అనుమానం. కాబట్టి ఈ నిర్ణయంలో మీ మాట కూడా ఉండాలి.

"అక్కా, మా వారి ఆఫీసులో ఆఫర్ పెట్టినారని 72 టెస్టుల ప్యాకేజీ చేయించుకున్నా. మూడు ఎర్రగా వచ్చినాయి. అందులో సీఏ-125 అనేది 41, 35 లోపు ఉండాలంట. ఫోన్లో చూస్తే అండాశయ క్యాన్సర్ అని వస్తా ఉంది. నాకు 38 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. వారం నుంచి నిద్ర లేదు. ఈ టెన్షన్‌తోనే పోయేట్టున్నా."
*– ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి*

ముందు వెళ్ళి అన్నం తినండి. తర్వాత చదవండి.

రిపోర్టులో "ఇంత నుంచి ఇంత దాకా" అని ఉండే హద్దులు ఎలా వస్తాయో చాలామందికి తెలియదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను చాలామందిని పరీక్షించి, నూటికి 95 మంది ఏ అంకెల మధ్య ఉన్నారో చూసి ఆ గీత గీస్తారు. అంటే ఏ జబ్బూ లేని ఐదుగురు గీత బయటే ఉంటారు. ఒక టెస్టుకే ఇలా. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 టెస్టులు చేస్తే, నూరుమంది ఆరోగ్యవంతుల్లో దాదాపు 64 మందికి ఏదో ఒకటి ఎర్రగా వస్తుంది. మీరు 72 చేయించారు. మూడే వచ్చాయంటే మీ ఆరోగ్యం బాగున్నట్టే నాకనిపిస్తోంది. అన్నిటికీ ఇలాగే గీత గీయరు, కొన్ని టెస్టులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి, లెక్క కొంచెం మారొచ్చు. కానీ విషయం ఇదే.

ఇక సీఏ-125. ఇది రక్తంలో ఉండే ఒక ప్రొటీన్. నెలసరి సమయంలో పెరుగుతుంది. గర్భసంచిలో గడ్డలున్నా, గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ ఉన్నా, కడుపులో టీబీ ఉన్నా, కాలేయం బాగాలేకపోయినా పెరుగుతుంది. ఆరోజు మీకు నెలసరా అని ఇంటికొచ్చి రక్తం తీసుకున్న అబ్బాయి అడిగి ఉండడు.

ఒక చిన్న లెక్క వేద్దాం. అంకెలు అర్థం కావడానికే, ఏ జబ్బువీ కావు. వెయ్యిమందిలో పదిమందికి ఒక జబ్బుందనుకోండి. టెస్టు వాళ్ళలో తొమ్మిదిమందిని పట్టుకుంటుంది, మంచి టెస్టే. జబ్బు లేనివాళ్ళలో నూటికి ఐదుగురికి పొరపాటున "ఉంది" అంటుంది. మిగతా 990 మందిలో అది 50 మంది. ఇప్పుడు "ఉంది" అని కాగితం పట్టుకుని ఏడుస్తున్నవాళ్ళు 59 మంది, అందులో నిజంగా జబ్బున్నవాళ్ళు తొమ్మిదిమందే. అండాశయ క్యాన్సర్ దీనికంటే చాలా అరుదు, కాబట్టి లెక్క ఇంకా దారుణంగా ఉంటుంది. దామలచెరువు మార్కెట్లో మండీకొచ్చిన మామిడికాయలన్నిటినీ కోసి చూసి పురుగు కాయను పట్టుకోవచ్చు, కానీ అమ్ముకోవడానికి కాయ మిగలదు.

ఇది నా సొంత తెలివి కాదు. బ్రిటన్‌లో 2 లక్షలమందికి పైగా ఆడవాళ్ళతో, ఏ బాధా లేనివాళ్ళకు ఏటా సీఏ-125 చేస్తే, కొందరికి స్కానింగ్ చేస్తే ఎలా ఉంటుందని చూశారు. 16 ఏళ్ళకు పైగా వాళ్ళను గమనించి 2021లో చెప్పిందేమంటే, అండాశయ క్యాన్సర్ మరణాలు ఈ పరీక్షల వల్ల తగ్గలేదు. మరి ఆ టెస్టు దండగా? కాదు. జబ్బు ఉందని తేలినవాళ్ళకు కీమో ఇస్తూ, 800 ఉన్నది 200కు, అక్కడినుంచి 30కి దిగుతోందా అని చూడటానికి బంగారం లాంటి టెస్టు. చోటు తప్పి ప్యాకేజీలోకి వచ్చిపడింది, అంతే.

మీరు చేయాల్సిందల్లా ఒక గైనకాలజిస్టుకు ఈ కాగితం చూపించడం. కడుపుబ్బరం, కొంచెం తినగానే కడుపు నిండటం, పొత్తికడుపు నొప్పి ఉంటే తప్పకుండా చెప్పండి. ఆమె స్కానింగ్ రాయొచ్చు, నెలసరి అయ్యాక మళ్ళీ ఒకసారి చేయించమనొచ్చు. ఈసారి ఎవరైనా ప్యాకేజీ అంటే ఒక్కటే అడగండి: "ఈ అంకె ఎక్కువొస్తే ఏం చేస్తారు, తక్కువొస్తే ఏం చేస్తారు?" రెండింటికీ ఒకటే జవాబైతే ఆ డబ్బుతో ఇంటికి పండ్లు కొనుక్కోండి.

"మా ఆవిడకు మూడు నెలల షుగర్ 6.8 వచ్చింది. పరగడుపు షుగర్ చూస్తే 94. రెండో ల్యాబ్‌లో చేయించినా అంతే. ఏది నిజం? హిమోగ్లోబిన్ 7.9, అదీ తక్కువే."
*– ఒక రైతు, పలమనేరు*

అన్నా, జవాబు మీ ఉత్తరం చివరి వాక్యంలోనే ఉంది. మూడు నెలల షుగర్ అంటే ఎర్ర రక్తకణానికి అంటుకున్న చక్కెర. ఆ కణం దాదాపు 120 రోజులు బతుకుతుంది కాబట్టి మూడు నెలల జాడ తెలుస్తుంది. ఇనుము తక్కువైన రక్తహీనతలో ఈ అంకె ఉన్నదానికంటే పెరిగి కనిపించొచ్చు. ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నా, కణాలు త్వరగా చితికిపోయే జబ్బున్నా తగ్గి కనిపిస్తుంది. 6.5 దాటితే షుగర్ అన్న గీత రక్తం సరిగ్గా ఉన్నవాళ్ళకు. ముందు రక్తహీనత ఎందుకొచ్చిందో చూపించండి. షుగర్ సంగతి పరగడుపున, గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు చేసే టెస్టుతో తేల్చమని డాక్టరును అడగండి.

పరగడుపు షుగర్‌ను కూడా గుడ్డిగా నమ్మకండి. రక్తాన్ని మామూలు ట్యూబులో ఊరికే ఉంచితే కణాలు చక్కెరను తింటూనే ఉంటాయి, గంటకు నూటికి 5 నుంచి 7 వంతులు తగ్గిపోతుంది. అందుకే షుగర్‌కు బూడిద రంగు మూత ట్యూబు, అందులో ఫ్లోరైడ్ ఉంటుంది. ఇది నాకు పుస్తకంలో కంటే బాగా ఒక బస్సు నేర్పింది. 1994లో అనుకుంటా, పిచ్చాటూరు వైపు ఒక పల్లెలో క్యాంపు పెట్టాం. అప్పట్లో మాకు రంగు మూతల ట్యూబులెక్కడివి, పెన్సిలిన్ సీసాలు కడిగి ఫ్లోరైడ్ పొడి వేసుకుని పోయేవాళ్ళం. ఆరోజు పొడి వేయడం నేనే మరిచిపోయాను. మే నెల. తిరిగొచ్చే దారిలో బస్సు ఆగిపోయింది, నాలుగు గంటలు ఎండలో. ల్యాబ్‌కొచ్చి చేస్తే ఊరు ఊరంతా షుగర్ లేదు! రెండేళ్ళుగా మాత్ర మింగుతున్న ఒకాయనకు అంతకుముందు ఎన్నడూ లేనిది 98. ఆ రిపోర్టు చూసుకుని ఆయన మాత్ర మానేయబోయాడు. తప్పు ఒప్పుకుని, మర్నాడు మళ్ళీ ఆ ఊరికి పోయి అందరికీ రెండోసారి సూది గుచ్చాను. ఒక ముసలమ్మ తిట్టిన తిట్టు ఇక్కడ రాయలేను.

"మేడమ్, మా పిన్నికి 54. బీడీ, చుట్ట ఎరగదు. దగ్గని ఆరు నెలలు టీబీ మందు వాడినారు. తగ్గకపోతే వేలూరు తీసుకెళ్ళాం, ముక్క పరీక్షలో ఊపిరితిత్తుల క్యాన్సర్ అన్నారు. ఇప్పుడు ఈజీఎఫ్ఆర్ అని ఇంకో టెస్టు, పది రోజులు ఆగమంటున్నారు. ఇంట్లో అందరూ 'కీమో మొదలుపెట్టకుండా ఈ టెస్టులేంది, డబ్బులకు కాకపోతే' అంటున్నారు."
*– ఒక పాఠకుడు, చిత్తూరు*

ఈసారి నా జవాబు తిరగేసి ఉంటుంది. ఆగండి. ఈ టెస్టు చేయించండి.

పైన శ్రీకాళహస్తి చెల్లెలికి ఒక ప్రశ్న చెప్పాను కదా, ఆ అంకెతో ఏం చేస్తారని. ఇక్కడ దానికి గట్టి జవాబుంది. ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పుంటే రోజుకొక మాత్ర, లేకపోతే వేరే దారి. 2009లో తూర్పు ఆసియా దేశాల్లో జరిగిన ఒక ట్రయల్ ఫలితం వచ్చింది. 1,217 మంది, ఎక్కువమంది పొగ తాగని, మీ పిన్ని లాంటి వాళ్ళు. సగంమందికి గెఫిటినిబ్ మాత్ర, సగంమందికి కీమో. జన్యుమార్పు ఉన్నవాళ్ళు మాత్ర వేసుకుంటే నూటికి 71 మందిలో గడ్డ బాగా తగ్గింది, కీమోతో 47 మందిలో. మార్పు లేనివాళ్ళకు అదే మాత్ర వేస్తే నూటికి ఒకరిలో తగ్గింది! వాళ్ళకు కీమో ఇస్తే 23 మందిలో తగ్గింది. అదే జబ్బు, అదే మాత్ర. టెస్టు చేయకుండా మాత్ర ఇచ్చినా అన్యాయమే, ఇవ్వకపోయినా అన్యాయమే. తర్వాత ఇంకా మంచి మాత్రలు వచ్చాయి, ఒసిమెర్టినిబ్ లాంటివి. ఏది తగునో అక్కడి డాక్టరు చెబుతారు.

రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. ముక్క చాలలేదంటే రక్తంతో కూడా ఈ మార్పు వెతకొచ్చు. కానీ రక్తంలో కనపడలేదంటే లేనట్టు కాదు, వీలైతే మళ్ళీ ముక్క తీయాల్సి రావొచ్చు. ఇంకోటి, ఆయాసం ఎక్కువై మనిషి ఆగే పరిస్థితి లేకపోతే ఆ సంగతి వెంటనే చెప్పండి, పది రోజులు అందరికీ ఒకటి కాదు. ఆ పారఫిన్ బ్లాకు, అంటే మైనంలో పెట్టిన ముక్క, మీ సొత్తు. ఆసుపత్రి మారితే అడిగి తీసుకెళ్ళండి.

"ఫలానా కొత్త మందుతో రక్తంలో ఫలానా మార్కర్ బాగా తగ్గిందని పేపర్లో చదువుతుంటాను. తగ్గిందని తేలాక కూడా ఇంకా ఏళ్ళ తరబడి ట్రయల్ అంటారెందుకు? జనానికి ఇచ్చేయొచ్చు కదా."
*– ఒక రిటైర్డ్ మాస్టారు, చిత్తూరు*

మాస్టారూ, మార్కర్ అంటే జబ్బు జాడ చూపించే గుర్తు. అది తగ్గడం వేరు, మనిషి బతకడం వేరు. 1980లలో గుండెపోటు వచ్చి తేరుకున్నవాళ్ళలో గుండె మధ్యమధ్యలో అదనపు దెబ్బలు కొడితే హఠాత్తుగా పోయే ప్రమాదం ఎక్కువని గమనించారు. ఆ అదనపు దెబ్బల్ని అణిచే మందులు ఉన్నాయి, డాక్టర్లు రాస్తున్నారు కూడా. ఈసీజీ చూస్తే ముచ్చటగా సర్దుకునేది. చివరికి 1,498 మందితో ట్రయల్ చేశారు. ఉత్తుత్తి మాత్ర తిన్న 743 మందిలో 26 మంది పోయారు. మందు తిన్న 755 మందిలో 63 మంది. సగటున పది నెలల్లో! ఈసీజీ బాగుంది, మనిషి లేడు. మధ్యలోనే ఆపేశారు. ఆ ట్రయల్ జరగకపోతే ఎంతకాలం రాస్తూ ఉండేవాళ్ళో.

"మేము వైశ్యులం. మా చిన్నమ్మాయికి సిజేరియన్ అంటే మత్తు డాక్టరు మీ కులమేంటి అని అడిగినారు. ఆపరేషన్‌కు కులంతో ఏం పని?"
*– ఒక తల్లి, తిరుపతి*

కోపం రావడం సహజమే. కానీ ఆ డాక్టరుకు దండం పెట్టండి. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు వదులు చేయడానికి స్కోలిన్ అనే ఇంజెక్షన్ వాడతారు. రక్తంలో సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని కొద్ది నిమిషాల్లో విరగ్గొడుతుంది. వైశ్యుల్లో కొందరికి జన్యుమార్పు వల్ల ఈ ఎంజైమ్ బాగా తక్కువ. దగ్గరి సంబంధాల్లోనే పెళ్ళిళ్ళు తరతరాలుగా జరగడం వల్ల ఈ మార్పు ఆ కుటుంబాల్లో ఎక్కువగా నిలిచింది. అలాంటివాళ్ళకు స్కోలిన్ ఇస్తే గంటల తరబడి కండరాలు కదలవు, సొంతంగా ఊపిరి తీసుకోలేరు. తెలిస్తే ప్రమాదం లేదు, వేరే మందు వాడతారు. పొరపాటున ఇచ్చినా వెంటిలేటర్ మీద ఉంచితే దిగిపోతుంది. తెలియకపోతేనే కష్టం.

మామూలు రక్త పరీక్షతో ఎంజైమ్ ఎంతుందో చూడొచ్చు. తక్కువని తేలితే ఆ కాగితం లామినేషన్ చేయించి పర్సులో పెట్టమనండి, అక్కచెల్లెళ్ళకూ చేయించండి. ఇదే టెస్టును మేము ల్యాబ్‌లో పురుగుల మందు తాగినవాళ్ళకు చేసేవాళ్ళం, ఆ విషంతో ఈ ఎంజైమ్ పడిపోతుంది. అంటే పుట్టుకతోనే తక్కువున్న అమ్మాయి ఎప్పుడైనా వాంతులతో ఆసుపత్రికి పోతే, ఈ అంకె చూసి పురుగుల మందు తాగిందా అని అనుమానపడే అవకాశం కూడా ఉంది. అందుకే పర్సులో కాగితం.

"మా వాడికి 23. మగ్గం పని లేక ఖాళీగా ఉన్నాడు. స్నేహితులతో పోయి రెండు రోజులు ఎక్కడో ఉండి రక్తమిచ్చి డబ్బుతో వస్తున్నాడు. మందులు తినిపిస్తారంట. మూడుసార్లు పోయినాడు. భయంగా ఉంది."
*– ఒక తల్లి, నగరి*

అమ్మా, వాటిని బయోఈక్వివలెన్స్ స్టడీలు అంటారు. కంపెనీ చవకగా తయారుచేసిన మాత్ర అసలు కంపెనీ మాత్రతో సమానంగా రక్తంలో కలుస్తోందా అని ఆరోగ్యవంతుల్లో చూస్తారు. ఒకసారి ఒక మాత్ర, కొన్నాళ్ళు ఆగి రెండోది, ప్రతిసారీ గంటగంటకూ రక్తం. మన మందుల షాపుల్లో చవక మాత్రలు నమ్మకంగా కొనగలుగుతున్నామంటే ఈ పిల్లల చేతుల మీది సూదిగాట్లే కారణం. పని తప్పు కాదు. సమ్మతి పత్రం, ఎథిక్స్ కమిటీ అన్నీ దీనికీ ఉండాలి.

నా భయమంతా మూడుసార్లు అన్న మాటతోనే. ఎంత కాలంలో మూడుసార్లు? ఒక స్టడీకి ఇంకోదానికి మధ్య సాధారణంగా మూడు నెలలు ఆగమంటారు. డబ్బు కోసం పిల్లలు ఆ సంగతి దాచి ఇంకో ఊళ్ళో ఇంకోచోట చేరుతున్నారు. ఒంట్లో రక్తం తగ్గుతుంది, రెండు మందులు కలిసి ఏం చేస్తాయో చెప్పలేం. మీ వాడిని తిట్టకండి, తిడితే మీ దగ్గర కూడా దాస్తాడు. హిమోగ్లోబిన్ ఒకటి చేయించండి. సమ్మతి పత్రం కాపీ ఇంటికి తెమ్మనండి. కాపీ ఇవ్వని చోటికి ఇక పోవద్దనండి.

"మా తాతయ్య ఒక ట్రయల్‌లో ఉండి ఇష్టంలేక మానేశారు. రెండు డబ్బాల మాత్రలు మిగిలిపోయాయి. చెత్తలో పారేయొచ్చా?"
*– ఒక విద్యార్థిని, రేణిగుంట*

వద్దు. ఖాళీ డబ్బాలతో సహా తీసుకెళ్ళి అక్కడే ఇచ్చేయండి. ఇచ్చినవెన్ని, మింగినవెన్ని, మిగిలినవెన్ని అని ఒక్కొక్కటీ లెక్కపెట్టి రాసుకోవాలి. మానేశాక కూడా ఒకసారి రక్త పరీక్షకు రమ్మంటే తాతయ్యను తీసుకెళ్ళండి, అది ఆయన మంచికే.

ఎనిమిదేళ్ళు ఆ మాత్రలు లెక్కపెట్టాను నేను. మా దగ్గర ట్రయల్‌లో చేరిన ఒక పెద్దాయన ఉండేవాడు, ఆయన లెక్క ఏనాడూ తప్పలేదు. 30 ఇస్తే 28 రోజులకు రెండు సరిగ్గా వెనక్కి తెచ్చేవాడు. ఆ రికార్డు చూపించి మిగతావాళ్ళకు బుద్ధి చెప్పేదాన్ని. ఒకరోజు ఆయన భార్య తోడుగా వచ్చింది. నేను ఆయన్ను మెచ్చుకుంటుంటే ఆమె నవ్వు ఆపుకోలేక, "దొడ్లో కనకాంబరం చెట్టు మొదట్లో రోజుకొకటి పూడ్చిపెడతాడమ్మా, నీకు లెక్క తప్పకూడదని" అంది.